మంద తోలే కుక్కకు ముందు ఆగడం నేర్పండి

[తెర మీద: దొడ్డిలో నాలుగు గొర్రెలు. అవతల ఒక బోర్డర్ కోలీ, గొర్రెల్ని తోలే జాతి కుక్క. తల దించి, ముందుకాలు ఒకటి గాల్లోనే ఆపి, రెప్ప వేయకుండా చూస్తోంది.]

ఆ చూపు చూశారా? అది వేట చూపే. కన్నేయడం, పొంచడం, తరమడం, పట్టి చంపడం... ఇదీ తోడేలు వరస. కాపరులు తరతరాలుగా కుక్కల్ని ఏరి పెంచుకుంటూ ఆ చివరిదాన్ని అణిచారు. అణిగింది, పోలేదు. 1893లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క అరవకుండా, కరవకుండా చూపుతోనే గొర్రెల్ని కదిలించేదట. ఇవాళ్టి బోర్డర్ కోలీల్లో చాలావాటి వంశం దాని దాకా వెళ్తుంది.

కాబట్టి తరమడం మీరు నేర్పక్కర్లేదు. ఆగడం నేర్పాలి.

అన్నట్టు, మందకు కాపలా కాసే కుక్కలు వేరు. ఇక్కడ చెప్పేది తోలే కుక్కల గురించే.

చిన్న కుక్కపిల్లను గొర్రెల్లోకి వదలకండి. గొర్రెను దాటి పరిగెత్తలేని కుక్క మందను మళ్లించలేదు, వెనకపడి తరమడమే అలవాటు చేసుకుంటుంది. ఒక మొండి గొర్రె కుమ్మిందా, బెదురు పట్టుకుంటుంది. మామూలుగా ఎనిమిది నెలల నుంచి ఏడాది మధ్య మొదలుపెడతారు. ఈలోగా పిలిస్తే రావాలి, పడుకోమంటే పడుకోవాలి. మీ కాళ్ల దగ్గర కాదు, దూరంగా పరుగులో ఉన్నప్పుడు కూడా.

[తెర మీద: గుండ్రటి దొడ్డి, పైనుంచి.]

మొదటి రోజుకు ఇరవై మీటర్ల వెడల్పు దొడ్డి, కుక్కలకు అలవాటుపడిన గొర్రెలు మూడో నాలుగో చాలు. పొట్టేళ్లు వద్దు, పిల్లతల్లులు అసలే వద్దు. కుక్క మెడకు పొడవాటి తేలికపాటి తాడు కట్టి నేలమీద ఈడ్చుకెళ్లనివ్వండి. తాడు కొసన ముడి ఉండకూడదు, ఎక్కడైనా తట్టుకుంటుంది.

ఇప్పుడు గడియారం ఊహించుకోండి. మధ్యలో గొర్రెలు. మీరు ఆరు దగ్గర, కుక్క పన్నెండు దగ్గర. మీరు ఏడు వైపు అడుగేస్తే కుక్క ఒంటిగంట వైపు జరుగుతుంది. మంచి కుక్క ఎవరూ చెప్పకుండానే మీకు ఎదురుగా నిలబడాలని చూస్తుంది. అది అక్కడికి చేరగానే మీరు వెనక్కి నడవండి. గొర్రెలు మీ వైపు వస్తాయి, కుక్క వాటి వెనకే. దానికి అదే బహుమానం, బిస్కెట్లు అక్కర్లేదు. మాటలు తర్వాత: అది ఎటు తిరుగుతోందో చూసి ఆ దిక్కుకో మాట తగిలించండి. చాలామంది దొడ్డిలో అడుగుపెట్టగానే కేకలు మొదలెడతారు. కుక్కకు వినిపించేది గోలే.

[తెర మీద: కుక్క తోక, దగ్గరగా.]

తోక కిందికి ఉంటే పనిలో ఉన్నట్టు. పైకి లేచిందంటే ఆటలో పడింది, కాసేపట్లో గొర్రెల మధ్యలోకి దూకుతుంది. అప్పుడు దాని వెంట పరిగెత్తకండి. దాని భుజం వైపు మీరే అడ్డం నడిచి, బయటికి జరిగేలా ఒత్తిడి పెట్టండి. కర్ర చెయ్యి పొడిగించుకోవడానికే, కొట్టడానికి కాదు. ఉన్ని నోట పడితే వెంటనే పడుకోబెట్టండి.

పది నిమిషాలు చాలు. గొర్రెలు నింపాదిగా ఉన్నప్పుడే పడుకోబెట్టి, తాడు పట్టుకుని ఇద్దరూ కలిసి బయటికి రండి.

కొన్ని కుక్కలు మొదటి రోజు గొర్రెల వంక చూడనైనా చూడవు, గడ్డి వాసన చూస్తూ తిరుగుతాయి. కంగారు పడి ఉసిగొల్పకండి. రెండు మూడు వారాలు ఆగి మళ్లీ తీసుకురండి.