మూసీకి వరద ఎలా వస్తుంది, దాన్ని ఎలా కొలుస్తారు?

నమస్కారం. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తి వేల మందిని బలి తీసుకున్న తరువాత, నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య తన పరిశీలనను నగరం దగ్గర ఆపలేదు. ఎగువన ఉన్న 862 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతాన్నీ, అందులోని 788 చెరువులనూ ఆయన లెక్కలోకి తీసుకున్నారు. ఆ వానకు వాటిలో 221 చెరువులు తెగిపోయాయి. నా దృష్టిలో మూసీ వరదను అర్థం చేసుకోవడానికి సరైన దారి ఇదే: ముందు నేలను చూడాలి, తరువాతే నదిని.

అంత విస్తీర్ణంలో 100 మిల్లీమీటర్ల వాన పడితే, అది దాదాపు 8 టీఎంసీల నీరు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఆ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు రెండూ కలిపి పట్టేది 7 టీఎంసీలకు లోపే. అయితే పడిందంతా నదికి చేరదు. కొంత ఆకుల మీద, గుంటల్లో నిలిచి ఆవిరైపోతుంది, కొంత నేలలోకి ఇంకుతుంది. వేసవి ఎండకు నెర్రెలు విచ్చిన నల్లరేగడి తొలకరి వానను గటగటా తాగేస్తుంది, కానీ తడిసి ఉబ్బి నెర్రెలు పూడుకున్నాక అదే నేల నీటిని చాలా నెమ్మదిగా లోపలికి రానిస్తుంది. అందువల్ల జూన్‌లో వాగును కదిలించని వానే, చెరువులు నిండి నేల నానిపోయిన సెప్టెంబరులో ఊళ్లను ముంచగలదు. కాంక్రీటు పరిచిన చోట ఇంకడమన్నదే ఉండదు, నీరు నిమిషాల్లో నాలాకు చేరుతుంది.

వానను వర్షమాపకంతో కొలుస్తారు. పారిన నీటిని కొలవడమే కష్టం. చెరువు మత్తడి (నిండాక అదనపు నీరు పొంగి పారే అలుగు) దూకుతుంటే పని కొంత సులువు: మత్తడి పొడవు, దాని మీద పారుతున్న నీటి లోతు తెలిస్తే ప్రవాహాన్ని లెక్కగట్టవచ్చు. ఆ లోతును అంచు దగ్గర కాకుండా, నీటి మట్టం ఇంకా కిందికి వంగని చోట, కాస్త ఎగువన కొలవాలి. లోతు రెట్టింపైతే ప్రవాహం సుమారు 2.8 రెట్లవుతుంది కాబట్టి, అక్కడ చిన్న పొరపాటు కూడా లెక్కను బాగా మార్చేస్తుంది.

నదిలోనైతే అడ్డుకోతను (నదిని ఒడ్డు నుంచి ఒడ్డుకు అడ్డంగా కోసినట్టు ఊహిస్తే కనిపించే ముఖాన్ని) నిలువు భాగాలుగా విభజించి, ప్రతి భాగంలో లోతును కొలిచి, పైనుంచి 0.6 వంతు లోతులో కరెంట్ మీటరును (నీటి ప్రవాహ వేగాన్ని కొలిచే పరికరాన్ని) దించి వేగాన్ని చూస్తారు. విస్తీర్ణాన్ని వేగంతో గుణిస్తే ఆ భాగంలో ప్రవాహం వస్తుంది. ఇలా వేర్వేరు నీటిమట్టాల దగ్గర కొలిచి పట్టిక తయారు చేసుకుంటే, ఆ తరువాత గేజి (నీటిమట్టం చూపే కొలబద్ద) మీద మట్టం చదివి ప్రవాహం ఎన్ని క్యూసెక్కులో, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగులో చెప్పవచ్చు. ప్రవాహాలు కోతపెట్టి నది అడుగు మారినప్పుడల్లా పట్టికను సరిచూడాలి.

మహా వరదలో మీటరు దించడం సాధ్యం కాదు. అప్పుడు గోడల మీద నీరు నిలిచిన గుర్తులు, నది వాలు, అడ్డుకోత విస్తీర్ణం ఆధారంగా వెనక్కి లెక్క వేస్తారు. 1908లో మూసీ గరిష్ఠ ప్రవాహం సుమారు 4,25,000 క్యూసెక్కులన్నది కూడా అంచనాయే. దాన్ని మీటరు చూపిన అంకెగా చదవకూడదు.