క్లారెండన్: నలుపు ఎక్కడ పెట్టాలో తెలిసిన అక్షరం

శ్రోతలకు నమస్కారం. ఇంగ్లిష్ నిఘంటువు తెరిస్తే పదం ముదురు నలుపులో, దాని అర్థం మామూలు అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ పనికోసమే, అంటే మామూలు అక్షరాల వరుసలో ఇమిడిపోతూనే కంటికి ఆనేలా తయారైన టైపు క్లారెండన్. 1845లో లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీ అనే, సీసంతో అచ్చు అక్షరాలు పోసే కార్ఖానా నుంచి రాబర్ట్ బెస్లీ దాన్ని తెచ్చారు. పంచ్‌లు, అంటే అక్షరాల మూసలకు మూలమైన ఉక్కు ముద్రలు, చెక్కింది బెంజమిన్ ఫాక్స్. డిజైన్ రిజిస్టరు చేయించినా రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలు నకళ్లు పోసుకున్నాయి.

అక్షరాన్ని ఒకసారి మనసులో ఊహించుకోండి. నిలువు గీత బాగా లావు. దాని కింద, పైన అడ్డంగా మందపాటి పాదాలు, అవే సెరిఫ్‌లు. నిలువు గీత పాదాన్ని కలిసేచోట మూల ఉండదు, చిన్న వంపుతో జారి కలుస్తుంది. ఇంగ్లిష్ చిన్నబడి (లోయర్‌కేస్) ‘ఆర్’, ‘సి’ లాంటివాటి కొసలు గుండ్రటి బొట్లుగా ముగుస్తాయి. సన్నగీతలు మరీ సన్నం కావు. అంతకుముందు ప్రకటనల్లో వాడిన బాగా లావు టైపుల్లో సన్నగీతలు వెంట్రుకలా ఉండేవి. చిన్న సైజులో, గరుకు కాగితం మీద అవి తెగిపోతాయి. క్లారెండన్ తట్టుకుంటుంది.

అసలు పనితనం లావు పెంచడంలో ఉంది. నలుపును లోపలికి పెంచితే ఇంగ్లిష్ చిన్నబడి ‘ఇ’ (e) కన్ను, ‘ఎ’ (a) పొట్ట సిరాతో మూసుకుపోతాయి. అందుకే అక్షరాన్ని పక్కలకు కొంచెం వెడల్పు చేస్తారు. ఫాంటుకు సొంత బోల్డ్ ఫైలు లేకుండా కంప్యూటర్లో బోల్డ్ నొక్కితే, సాఫ్ట్‌వేర్ అంచులన్నీ ఒకేలా ఉబ్బిస్తుంది. సన్నగీతా లావవుతుంది, లోపలి ఖాళీ పోతుంది. ఇది దయచేసి చేయకండి.

క్లారెండన్‌లో చిన్నబడి అక్షరాలు పొడవు. కాబట్టి 10 పాయింట్ల పాఠం పక్కన దాన్ని 9 లేదా 9.5 పాయింట్లలో పెట్టి చూడండి, ఎత్తు సరిపోతుంది. నల్ల నేలమీద తెల్ల అక్షరాలైతే చుట్టూ ఉన్న సిరా పాదాల్లోకి పాకుతుంది. అక్షరాల మధ్య ఎడం కాస్త పెంచాలి. శీర్షిక సైజులో మాత్రం తగ్గించాలి. పేజీలకు పేజీలు దీంతో నింపితే కళ్లు అలసిపోతాయి.

అమెరికాలో పెద్ద పోస్టర్లకు ఈ బాణీనే చెక్కలో కోశారు. పెద్ద సైజులో సీసం మోయలేని బరువు మరి. అక్కడి నేషనల్ పార్కుల బోర్డుల మీదా ఇది చాలాకాలం నిలిచింది. 1953లో స్విట్జర్లాండ్‌లోని హాస్ ఫౌండ్రీ కోసం హెర్మన్ ఐడెన్‌బెంజ్ దీన్ని మళ్లీ గీశారు.

బోర్డు మీద దీని పక్కన తెలుగు రాయించేవారికి ఒక మాట. మనకు సెరిఫ్‌లు లేవు, తలకట్టు ఉంది, కింద ఒత్తులున్నాయి. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కంటే ఎక్కువ కావాలి. మరీ లావు తెలుగు ఫాంటులో ‘ధ’ కింది చిన్నగీత ఒంట్లో కలిసిపోయి ‘ద’లా కనిపిస్తుంది. ‘ప-ఫ’, ‘డ-ఢ’ కూడా అంతే. ఈ మూడు జంటలనూ అసలు సైజులో ప్రింటు తీసి, బోర్డు చదవాల్సినంత దూరంలో నిలబడి చూసుకున్నాకే ఖాయం చేయండి.