రెండు మిల్లీమీటర్లే కదా అనుకున్నా

ఈ బోల్టును కాస్త దగ్గరగా చూడండి. ఫోకస్ అయిందా? ఆ... తల కింద ఏటవాలుగా ఉంది చూశారా, దాన్ని కోన్ అంటారు. ఒక పక్క అద్దంలా మెరుస్తోంది. ఇటు తిప్పితే మాత్రం నల్లగా, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అంటే నెలన్నర పాటు నా కారు చక్రాన్ని ఈ బోల్టు ఒక పక్కతోనే పట్టుకుంది. రెండో పక్క ఊరికే గాల్లో ఉంది.

మా నాన్న వాడిన ఫియట్ పాలియో ఇప్పుడు నా దగ్గరుంది. దానికి అలాయ్ వీల్స్ వేయాలని ఎప్పటినుంచో సరదా. చెన్నై పుదుపేట సంగతి మన తిరుపతి, చిత్తూరు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాత కారు సామాను కావాలంటే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పొద్దున పోయి రాత్రికి వచ్చేస్తాం. అక్కడ ఒక సెట్ నచ్చింది. 14 అంగుళాలు, నాలుగు హోల్స్, గీతలు కూడా పెద్దగా లేవు. వెనక 4×100 అని పోత పోసి ఉంది. పాలియోకు కావాల్సింది 4×98. అమ్మినాయన మోసం ఏమీ చేయలేదు, ‘మీ బండికి 98 కదా సార్’ అని అడిగాడు కూడా. రెండు మిల్లీమీటర్లే కదా, బిగిస్తే అదే సర్దుకుంటుంది అన్నది నేనే.

నాలుగు బోల్టుల నడిమధ్యల మీదుగా ఒక గుండ్రం గీస్తే, ఆ గుండ్రం అడ్డకొలతే ఈ 98, 100. పీసీడీ అంటారు. ఇంటికొచ్చి వేస్తే నాలుగు బోల్టులూ పట్టాయి. పాలియోకు నట్లు ఉండవు, బోల్టులే నేరుగా హబ్‌లోకి, అంటే చక్రం కూర్చునే ఇరుసు చివరి బిళ్లలోకి పోతాయి. చివర్లో కొంచెం బిగుసుగా అనిపించింది. స్పానర్ మీద కాలు పెట్టి తొక్కాను. వేళ్లతో తిరగాల్సిన బోల్టు కాలితో తొక్కితే గానీ తిరగలేదంటే అప్పుడే ఆగాల్సింది. ఆగలేదు. అలాయ్స్ వేసిన రోజు మనిషికి బుర్ర పని చేయదు.

ఊళ్లో తిరిగినంత కాలం ఏమీ లేదు. రేణిగుంట రోడ్డు ఎక్కి 80 దాటితే స్టీరింగ్ వణుకు మొదలు. బ్యాలెన్సింగ్‌కి ఇచ్చాను. మెషీన్ మీద సున్నా చూపించింది. కారుకు వేస్తే మళ్లీ వణుకు. ఇంకో షాపుకు పోయాను, అక్కడా సున్నానే. ఇందులో కిటుకు నాకు తర్వాత వెలిగింది. బ్యాలెన్సింగ్ మెషీన్ చక్రాన్ని మధ్యలోని పెద్ద రంధ్రంతో పట్టుకుంటుంది, బోల్టు హోల్స్‌తో కాదు. కాబట్టి మెషీన్ మీద చక్రం నడిమధ్యలో తిరుగుతుంది, నా కారు మీద తిరగదు.

ఎందుకు తిరగదో చూడండి. మొదట బిగించిన బోల్టు కోన్ తన హోల్‌లో చక్కగా కూర్చోవాలని చూస్తుంది. దాంతో చక్రాన్ని ఒక మిల్లీమీటరు పక్కకు జరుపుతుంది. ఇక ఎదురుగా ఉన్న బోల్టుకు తేడా మొత్తం రెండు మిల్లీమీటర్లు అయిపోయింది. అది ఎంత బిగించినా ఒక అంచు మీదే ఆనుతుంది, వంగుతుంది. మన బలమంతా ఆ ఒరిపిడికే పోతుంది. స్పానర్ చేతికి టైట్‌గానే తగులుతుంది, చక్రం మాత్రం హబ్‌కు గట్టిగా అదుముకోదు. అసలు బోల్టు పని చక్రాన్ని మోయడం కాదు, హబ్‌కు అదిమి పట్టడం. ఆ అదుము వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని కదలకుండా ఆపుతుంది. అది సడలిందా, ప్రతి చుట్టుకూ బోల్టు ఒకసారి వంగి లేస్తుంది.

ఇప్పుడు తిరుమల నుంచి దిగే దారి లెక్క వేద్దాం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు, ఇంచుమించు 19 కిలోమీటర్లు. 14 అంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 550 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కసారి కొండ దిగితే 10,000 పైచిలుకు. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో మీకు తెలుసు. అదీ మలుపు మలుపుకూ బ్రేక్ తొక్కుతూ, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని.

నాకు టక్, టక్ అని శబ్దం వినిపించింది ఆ దారిలోనే. ముందు ఎడమ చక్రం. కుడివైపు తిరిగినప్పుడల్లా వస్తోంది. అలిపిరి దాకా ప్రాణాలు చేత్తో పట్టుకుని వచ్చి, పక్కన ఆపి స్పానర్ వేశాను. ఒక బోల్టు సగం చుట్టు తిరిగింది, బలం పెట్టకుండానే. మా మెకానిక్‌కు ఫోన్ చేస్తే ‘బండి ఆడనే పెట్టు, నేనొస్తా’ అన్నాడు. వచ్చి బోల్టు విప్పి వెలుతురులో తిప్పి చూసి, ‘ఏం సామీ, బోల్టుకు బుద్ధి లేకపోయినా నీకన్నా ఉండాల కదా’ అన్నాడు. ఏం చెప్పను, ఫోన్‌లో స్టెపినీ గురించి మాట్లాడుతున్నట్టు నటించాను.

ఇది ఒక్క పాలియో గోల కాదు. మన ఊళ్లో అడుగడుగునా కనిపించే ఇన్నోవాకు 5×114.3. జర్మన్ కార్ల రిమ్ములు చాలావరకు 5×112. ఆ 114.3 విచిత్రంగా ఉంటుంది గానీ అది సరిగ్గా నాలుగున్నర అంగుళాలు, అంతే. ఐదు హోల్స్ ఉంటే ఎదురెదురుగా కొలవలేం కదా, అందుకని పక్కపక్క హోల్స్ మధ్య దూరం చూడాలి. 112కు 65.8 మిల్లీమీటర్లు, 114.3కు 67.2. టేపుతో ఆ తేడా దొరకదు, దవడలతో పట్టి కొలిచే వెర్నియర్ స్కేలు కావాల్సిందే. నాలుగు హోల్స్ అయితే సులువు: ఒక హోల్ బయటి అంచు నుంచి ఎదుటి హోల్ లోపలి అంచుకు కొలిస్తే అదే పీసీడీ.

లేత్ షాపులో హోల్స్‌ను ఓవల్‌గా అరగదీసి ఇస్తాం అంటారు. వద్దు, కోన్‌కు కూర్చునే చోటే పోతుంది. వాబుల్ బోల్టులని ఉంటాయి, వాటికి కోన్ విడిగా కదులుతుంది, ఇంత చిన్న తేడాకు పనికొస్తాయి. అయితే మంచివే దొరకాలి, రిమ్ము మధ్య రంధ్రంలో హబ్‌కు సరిపడే సెంటర్ రింగు కూడా వేయాలి. నాకు నమ్మకం కుదిరిన సెట్ దొరకలేదు. పదహారు కొత్త బోల్టులు కొని, పాత స్టీల్ రిమ్ములు మళ్లీ వేసేశాను. 80 దాటినా చెయ్యి వణకట్లేదు.

అలాయ్స్ మా ఫ్రెండ్ స్విఫ్ట్‌కు పోయాయి. దానిది 4×100, సెంటర్ రింగులు పెట్టాక చక్కగా కూర్చున్నాయి. సగం డబ్బులు ఇచ్చాడు. మిగతా సగం పండక్కి ఇస్తానన్నాడు. ఏ పండగో చెప్పలేదు.