డాక్ కొనేముందు ఇవి చూసుకోండి: ఇంట్లో డిజిటల్ పాటలకు మంచి సౌండ్

[స్క్రీన్: స్పెక్ విండో. పాట ఫైల్‌ని లాగి అందులో వదులుతున్నాం]

వాయిస్: డాక్ అంటే డిజిటల్ పాటను స్పీకర్లకు పంపే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం. దానికి డబ్బు పెట్టేముందు మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయో చూసుకుందాం. మీ పాటల ఫోల్డర్‌లోంచి ఒక ఫ్లాక్ ఫైల్ (నాణ్యత ఏమీ పోకుండా పాటను దాచే ఫైల్) తీసి, స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేయండి. రంగుల గ్రాఫ్ వస్తుంది; అందులో పైకి వెళ్లేకొద్దీ కీచు శబ్దాలు. 16 కిలోహెర్ట్జ్ పైనంతా కత్తెరతో కోసినట్టు నల్లగా ఉందా? అయితే అది చాలావరకు 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చిన సరుకే. ఎంపీ3 ఒకసారి పారేసింది మళ్లీ రాదు, ఫైల్ సైజు పెరుగుతుందంతే. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే కోత సాధారణంగా 20 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. పాత రికార్డింగుల్లోనూ పైభాగం ఖాళీగానే ఉంటుంది గానీ, అక్కడ రంగు మెల్లగా పలచబడుతుంది, గీత గీసినట్టు తెగదు.

మీ దగ్గర సీడీ ఉంటే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాక్‌గా తీసుకోండి. సీడీలో ఉండే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ నాణ్యత ఇంట్లో వినడానికి ధారాళంగా సరిపోతుంది. 192 కిలోహెర్ట్జ్ ఫైళ్ల కోసం పరుగులు పెట్టకండి. అదే పాటకు మంచి మాస్టరింగ్ (విడుదలకు ముందు పాట ధ్వనిని చివరిగా సరిదిద్దడం) ఉన్న ఎడిషన్ దొరికితే తేడా అక్కడే తెలుస్తుంది.

[స్క్రీన్: విండోస్ సౌండ్ సెట్టింగ్స్]

ఇక కంప్యూటర్. ముందు ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ (విండోస్ తనంతట తాను శబ్దాన్ని మార్చే ఎఫెక్టులు) ఆఫ్ చేయండి. ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయర్‌లో అవుట్‌పుట్ దగ్గర మీ డివైస్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే, విండోస్ మిక్సర్ మధ్యలో చెయ్యి పెట్టదు. పాట మోగుతున్నంతసేపు బ్రౌజర్‌లో శబ్దం రాకపోతే కంగారు పడకండి, ఎక్స్‌క్లూజివ్ అంటే అదే.

ఈక్వలైజర్ వాడతారా? బేస్ 6 డీబీ పెంచితే ఈక్వలైజర్‌లోనే ఉండే ప్రీఆంప్‌ని (మొత్తం స్థాయిని మార్చే మీట) మైనస్ 6 డీబీకి దించాలి. ఇప్పటి పాటలు చాలావరకు గరిష్ఠ స్థాయికి అంటుకునే ఉంటాయి. ఇంకా పెంచితే శిఖరాలు తెగి, డప్పు దెబ్బ పడినప్పుడల్లా గరగర వస్తుంది. స్పీకర్ పాడైందని చాలామంది అనుకునేది దీన్నే.

ఏ రెండు ఫైళ్లను పోల్చినా వాల్యూమ్ సమానం చేశాకే పోల్చండి. కాస్త గట్టిగా మోగేది మన చెవికి ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. ఫూబార్‌లో రీప్లేగెయిన్ స్కాన్ ఈ పని చేసిపెడుతుంది.

[స్క్రీన్: రెండు స్పీకర్లు, కుర్చీ, పైనుంచి చూస్తే త్రిభుజం]

డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువ లాభం వచ్చేది ఇక్కడే. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదాని నుంచి మీ తలకూ అంతే దూరం ఉండాలి. ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని శబ్దాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండాలి. మూలకు నెట్టేస్తే బేస్ బొంయ్‌మంటూ గాయకుడి గొంతుని మింగేస్తుంది. గోడ నుంచి అరడుగు చొప్పున ముందుకు జరుపుతూ, అదే పాట వింటూ పోండి.

ఇప్పుడు మోనో పాట (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) ఒకటి పెట్టండి. గొంతు సరిగ్గా మధ్యలోంచి రావాలి. ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోయి, బేస్ పీలగా ఉంటే, ఒక స్పీకర్ వైరు ప్లస్, మైనస్ తారుమారై ఉంటుంది. ఆంప్లిఫయర్ ఆపి, ఒక్క స్పీకర్ వైపు మాత్రమే మార్చి బిగించండి.

[స్క్రీన్: లాప్‌టాప్ చార్జర్ తీస్తున్న చేయి]

పాట ఆపినా జుమ్మని శబ్దం వస్తోందా? చార్జర్ పీకండి. ఆగిపోతే అది చాలావరకు గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి చుట్టులా మారి, అందులో కరెంటు తిరగడం. లాప్‌టాప్, ఆంప్లిఫయర్ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే, రెండింటికీ సౌకర్యం ఉంటే ఆప్టికల్ కేబుల్ (కరెంటుకు బదులు కాంతితో పాటను పంపేది) వాడండి. ఎర్త్ పిన్ను మాత్రం తీసేయొద్దు, షాక్ నుంచి కాపాడేది అదే.