గిటార్ ఫ్రెట్స్ మార్పిస్తున్నారా? ముందు ఎత్తు సంగతి తేల్చుకోండి

[క్లోజప్: అరచేతిలో పాత ఫ్రెట్ ముక్క. పక్క నుంచి లైట్.]

ఇది నా గిటార్ నుంచి పీకిన రెండో ఫ్రెట్, అంటే గిటార్ మెడ (నెక్) మీద అడ్డంగా వరసగా ఉండే లోహపు మెట్లలో ఒకటి. ఇక్కడ చూడండి, బి స్ట్రింగ్ కూర్చునే చోట చిన్న గుంట. గోరు పెట్టి రాస్తే గోరు అందులో ఆగుతోంది. కొన్నేళ్లపాటు అదే చోట నొక్కి, అదే చోట స్ట్రింగ్ లాగి వాయించాను. స్టీల్ స్ట్రింగ్ కొద్దికొద్దిగా ఫ్రెట్‌ని తినేసింది. చివరికి ఇక్కడ ఏ నోట్ నొక్కినా స్ట్రింగ్ వెళ్లి మూడో ఫ్రెట్‌కి తగిలి జుయ్‌మనేది.

అందరికీ నమస్కారం. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఫ్రెట్స్ ఎప్పుడు మార్పించాలి, ఏ ఫ్రెట్ వైర్ (ఫ్రెట్స్ కోసే లోహపు తీగ) వేయించాలి, ఈరోజు ఇదే మాట్లాడుకుందాం. నేను రెండు గిటార్లకి మార్పించాను. ఒకటి చెడింది, ఒకటి బాగా కుదిరింది. రెండూ చెప్తాను.

ముందుగా, గుంట పడగానే మార్చేయాలని ఏమీ లేదు. ఫ్రెట్‌కి ఇంకా ఎత్తు మిగిలుంటే, అన్నిటినీ పైనుంచి అరగదీసి ఒకే మట్టానికి తెస్తారు. తర్వాత ఆకురాయితో తలని మళ్లీ గుండ్రంగా చేసి పాలిష్ పెడతారు. దీన్ని లెవెలింగ్, క్రౌనింగ్ అంటారు. మామూలు ఫ్రెట్స్ ఇలాంటి పనిని ఒకటి రెండుసార్లు తట్టుకుంటాయి, ఖర్చు కూడా చాలా తక్కువ. మీ గిటార్‌కి ఎంత ఎత్తు మిగిలిందో మీరే చూసుకోవచ్చు.

[చూపించాలి: డిజిటల్ వెర్నియర్ కాలిపర్ అడుగును పక్కపక్కనున్న రెండు ఫ్రెట్ల మీద ఆనించడం.]

కాలిపర్‌ని ఇలా నిలబెట్టి, లోతు కొలిచే సన్నటి పుల్లని మధ్యలో చెక్కకు తగిలేదాకా దించండి. నా గిటార్‌కి ఏడో ఫ్రెట్ దగ్గర 0.95 మిల్లీమీటర్లు వచ్చింది. రెండో ఫ్రెట్ గుంట అడుగున 0.6. గుంట పోవాలంటే మిగతావన్నీ కూడా దాదాపు 0.6కి దిగాలి. నా లెక్కలో 0.8కి తగ్గితే బెండ్ చేయడం, అంటే నొక్కిన స్ట్రింగ్‌ని పక్కకి లాగి శ్రుతి పెంచడం, కష్టం. అందుకే కొత్తవి వేయించాను.

ఎత్తు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, వైర్ ఎంచుకోవడంలో మీ చేతికి నేరుగా తెలిసేది అదే. వీణ చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వీణ మీద మెట్లని మైనంలో ఎత్తుగా నిలబెడతారు. తీగని మెట్టు మీద పక్కకి లాగితే గమకం పలుకుతుంది, వేలికి కింద చెక్క అడ్డం రాదు. గిటార్‌లో బెండ్ కూడా అలాంటిదే. ఫ్రెట్ పొట్టిగా ఉంటే వేలి కండ చెక్కకి రాసుకుంటుంది, స్ట్రింగ్ పట్టు చిక్కదు, లాగుతుంటే వేలి కింద నుంచి జారిపోతుంది. ఎత్తుగా ఉంటే వేలు స్ట్రింగ్ పక్కకి దిగి గట్టిగా పట్టుకుంటుంది.

అలాగని ఎంత ఎత్తైతే అంత మంచిదనుకోకండి. గట్టిగా నొక్కే అలవాటున్నవాళ్లు ఎత్తు ఫ్రెట్స్ మీద స్ట్రింగ్‌ని చెక్కదాకా నొక్కేస్తారు, శ్రుతి పైకి పోతుంది. ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. ట్యూనర్ పెట్టుకుని ఒక నోట్‌ని ముందు తేలిగ్గా నొక్కండి, తర్వాత మీరు స్టేజీ మీద టెన్షన్‌లో నొక్కినట్టు నొక్కండి. ముల్లు బాగా పైకి కదిలితే మీకు మధ్యస్థం ఎత్తు చాలు.

గిటార్ కంపెనీ గిబ్సన్ 1954లో లెస్ పాల్ కస్టమ్ మోడల్ తెచ్చినప్పుడు దానికి బాగా పొట్టిగా, తల చదునుగా ఉన్న ఫ్రెట్స్ వేసింది. దానికి ఫ్రెట్‌లెస్ వండర్ అనే పేరు కూడా వచ్చింది. మందం స్ట్రింగ్స్ వేసుకుని కార్డ్స్ వాయించేవాళ్ల చెయ్యి దాని మీద నున్నగా జారేది. సన్నటి స్ట్రింగ్స్‌తో పెద్ద పెద్ద బెండ్స్ చేసేవాళ్లకి అవే ఫ్రెట్స్ ఇబ్బంది. అంటే మంచి ఫ్రెట్, చెడ్డ ఫ్రెట్ అని విడిగా ఏమీ లేవు. మీరు ఏం వాయిస్తారన్నదాన్ని బట్టే ఎత్తు.

[స్క్రీన్ మీద అంకెలు పెద్దగా: 57110]

ఇప్పుడు సైజులు. ఫ్రెట్ వైర్ అమ్మే జెస్కార్ కంపెనీ నంబర్లలోనే కొలత ఉంటుంది. మొదటి రెండు అంకెలు ఎత్తు, చివరి మూడు అంకెలు వెడల్పు, రెండూ అంగుళంలో వెయ్యో వంతుల్లో. 57110 అంటే ఎత్తు 0.057 అంగుళం, వెడల్పు 0.110. మన లెక్కలో 1.45 మిల్లీమీటర్ల ఎత్తు, 2.8 వెడల్పు. దీన్ని జంబో అంటారు. 43080 అంటే దాదాపు 1.1 ఎత్తు, 2 మిల్లీమీటర్ల వెడల్పు. పాత ఫెండర్ గిటార్ల మీద కనిపించే సన్నటి రకానికి ఇది దగ్గర. డన్‌లప్ నంబర్లలో అలాంటి సూచన ఉండదు, పట్టిక చూసుకోవాల్సిందే. వాళ్ల 6105 సన్నం, కానీ ఎత్తు. జెస్కార్‌లో 55090 దాని జోడీ. 1.4 ఎత్తు, 2.3 వెడల్పు.

నేను వేయించుకున్నది ఈ 55090 సైజే. పదిహేనో ఫ్రెట్ దాటాక ఫ్రెట్ల మధ్య చోటు ఇరుకవుతుంది, అక్కడ వెడల్పు వైర్ ఉంటే నా లావు వేళ్లకి ఊపిరాడదు. వెడల్పు విషయంలో ఇంతకన్నా ఎక్కువ ఆలోచించక్కర్లేదని నా అభిప్రాయం. ఎత్తు కుదిరితే వెడల్పుకి చెయ్యి వారంలో అలవాటు పడిపోతుంది.

ఇక లోహం. మామూలుగా వచ్చేది నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు. రాగి, జింక్, నికెల్ కలిసిన మిశ్రమం, ఫ్రెట్ వైర్‌లో నికెల్ సాధారణంగా 18 శాతం. మన ఇళ్లలో జర్మన్ సిల్వర్ అని పిలిచేది ఈ మిశ్రమాన్నే. పని చేసేవాళ్ల చేతికి బాగా లొంగుతుంది, అరుగుదల కూడా త్వరగానే వస్తుంది. దానికన్నా గట్టిది ఈవో గోల్డ్. రాగి ఆధారంగా చేసిన బంగారు రంగు లోహం, అందులో నికెల్ ఉండదు. నికెల్ తగిలితే చర్మం దురద పెట్టేవాళ్లకి నేను ఇదే చెప్తాను. అన్నిటికన్నా గట్టిది స్టెయిన్‌లెస్ స్టీల్.

స్టెయిన్‌లెస్ వేయిస్తే చాలామందికి మళ్లీ ఫ్రెట్స్ మార్చే పని రాదు. బెండ్ చేస్తుంటే స్ట్రింగ్ వెన్న మీద నడిచినట్టు ఉంటుంది. చెమట పట్టినా మెరుపు పోదు. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉక్కపోతలో వాయించేవాళ్లకి ఇది చిన్న లాభం కాదు. కానీ ఆ గట్టితనమే పని చేసేవాళ్లకి కష్టం. వంచితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది, చివర్లు లేస్తాయి, కటర్లు, ఆకురాళ్లు త్వరగా పాడవుతాయి. అందుకే కూలి ఎక్కువ. స్టెయిన్‌లెస్ మీద చెయ్యి తిరిగిన మనిషి దొరక్కపోతే, మంచి పనివాడితో నికెల్ సిల్వర్ వేయించుకోవడమే మేలు. శబ్దం మారుతుందా అని చాలామంది అడుగుతారు. ఆంప్ పెట్టకుండా వాయిస్తే కాస్త ఖంగుమన్నట్టు అనిపిస్తుంది. ఆంప్ పెట్టాక నా చెవికి తేడా తెలియలేదు.

22 ఫ్రెట్లకి ఒకటిన్నర మీటరు వైర్ సరిపోతుంది. మొత్తం ఖర్చులో దాని ధర చిన్న భాగం. మీరు అసలు డబ్బు పెట్టేది పాత ఫ్రెట్స్ తీసిన తర్వాత బయటపడే చెక్క మీద జరిగే పనికి.

[వీడియో: సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్‌ని వేడి చేసి, అంచు చదునుగా ఉన్న నిప్పర్‌తో మెల్లగా లేపడం.]

ఇక్కడ తొందర పడకూడదు. వేడికి లోపలి జిగురు వదులుతుంది. నిప్పర్ దవడలని ఫ్రెట్ కిందికి జొనిపి, కొద్దికొద్దిగా నొక్కుతూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాలి. లాగేస్తే కింద ఉన్న రోజ్‌వుడ్ చెక్క పెచ్చులుగా లేచి వస్తుంది. లేచిన ప్రతి పెచ్చునీ వెంటనే అక్కడే అంటించాలి. ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్స్ దిగి ఉండే చెక్క పలక) మేపుల్ చెక్కది అయితే పైన లక్కర్ పూత ఉంటుంది, ముందు ఫ్రెట్ అంచు వెంట బ్లేడుతో గీత పెట్టకపోతే పూత పొరలుగా ఊడుతుంది. పాత ఫెండర్ నెక్‌లకి ఫ్రెట్స్‌ని పైనుంచి కొట్టలేదు, పక్క నుంచి తోశారు. వాటిని పైకి పీకితే చెక్క చిట్లుతుంది, పక్కకే తీయాలి. మీ గిటార్ అలాంటిదైతే పనివాడికి ఈ సంగతి తెలుసో లేదో ముందే అడగండి.

తర్వాత నెక్‌ని తిన్నగా సర్ది, ఫ్రెట్‌బోర్డ్ ఒంపుకి సరిపడే బ్లాక్‌కి ఉప్పు కాగితం అంటించి చెక్కని మట్టం చేస్తారు. చెక్క మట్టంగా ఉంటే కొత్త ఫ్రెట్స్‌ని తర్వాత తక్కువ అరగదీయొచ్చు. మీరు డబ్బు పెట్టి కొన్న ఎత్తు మీకే మిగులుతుంది. ఒంపు మార్చుకోవడానికి కూడా ఇదే సమయం. పాత తరహా ఫెండర్‌లకి 7.25 అంగుళాల రేడియస్, అంటే ఒంపు బాగా ఎక్కువ. యాక్షన్ (ఫ్రెట్స్ మీద స్ట్రింగ్స్ ఎత్తు) తక్కువ పెట్టి పై ఫ్రెట్ల దగ్గర పెద్ద బెండ్ చేస్తే స్ట్రింగ్ ఆ గుబ్బకి తగిలి నోట్ చచ్చిపోతుంది. పై భాగాన్ని 9.5కి దగ్గరగా చదును చేయిస్తే ఆ బాధ తగ్గుతుంది. అరిగిన చెక్క మళ్లీ రాదు, అందుకని పాతకాలపు విలువైన గిటార్ అయితే నేను ముట్టుకోనివ్వను.

ఇప్పుడు నా మొదటి గిటార్ సంగతి. ఫ్రెట్ అడుగున చెక్కలోకి దిగే భాగాన్ని టాంగ్ అంటారు. దాని పక్కల చిన్న ముళ్లు ఉంటాయి. గాడి వెడల్పు కొలవకుండా, దొరికిన వైర్ తెచ్చి సుత్తితో దిగ్గొట్టారు. టాంగ్ గాడి కన్నా బాగా లావు. ఒక్కో ఫ్రెట్ ఒక్కో చీలలా చెక్కని రెండు వైపులకీ నెట్టింది. 22 చీలలు కలిసి నెక్‌ని వెనక్కి వంచేశాయి. ట్రస్ రాడ్ (నెక్ లోపల దాని వంపు సర్దే కడ్డీ) పూర్తిగా వదులు చేసినా, స్ట్రింగ్స్ బిగించినా నెక్ ముందుకి రాలేదు. ఆ ఫ్రెట్స్ అన్నీ పీకించాల్సి వచ్చింది. రెండో గిటార్ చూసిన ఆయన మాత్రం ముందు ఫీలర్ గేజ్ రేకులు గాడిలో పెట్టి కొలిచారు. వైర్ నంబర్ ఆ తర్వాతే అడిగారు.

నట్, అంటే నెక్ తల దగ్గర స్ట్రింగ్స్ కూర్చునే గాడుల ముక్క, దాని సంగతి చాలామంది మర్చిపోతారు. పాత నట్ గాడుల్ని అరిగిన ఫ్రెట్స్‌కి సరిపడేలా కోసి ఉంటారు. కొత్త ఫ్రెట్స్ ఎత్తు పెరిగితే ఓపెన్ స్ట్రింగ్ మొదటి ఫ్రెట్‌కే తగిలి బజ్ అవుతుంది. కొత్త నట్ కూడా ధరలో కలిసి ఉందా అని అడగండి. బ్రిడ్జ్ ఎత్తు, ఇంటొనేషన్ (నెక్ అంతటా నోట్స్ శ్రుతిలో ఉండేలా చేసే సర్దుబాటు) కూడా మళ్లీ సరిచేయాలి.

[చూపించాలి: నెక్ అంచు వెంట దూది ఉండ జరపడం.]

గిటార్ తీసుకునే ముందు చేతిలో పట్టుకుని అక్కడే మూడు పనులు చేయండి. ఒకటో ఫ్రెట్ నుంచి 22 దాకా ప్రతి స్ట్రింగ్ మీద ప్రతి నోట్ వాయించండి, ఒక్కటి కూడా వదలొద్దు. తర్వాత పై ఫ్రెట్ల దగ్గర మీరు మామూలుగా చేసే అతి పెద్ద బెండ్ చేసి, నోట్ చివరిదాకా నిలబడుతుందో లేదో వినండి. ఆఖరున ఇలా దూదిని నెక్ రెండు అంచుల వెంటా పై నుంచి కింద దాకా జరపండి. ఒక్క పోగు తగులుకున్నా ఆ ఫ్రెట్ చివర ఇంకా పదునుగా ఉన్నట్టే. అప్పుడే వేలు పెట్టి చూపించి, అక్కడే సరిచేయించుకోండి. హైదరాబాద్ లాంటి చోట ఎండాకాలంలో గాలి పొడిగా ఉండి చెక్క కుదించుకుంటుంది, అప్పుడు ఫ్రెట్ చివర్లు మళ్లీ కాస్త బయటికి వస్తాయి. ఏప్రిల్‌లో ఇంకోసారి దూది జరిపి చూడండి.