ఆటిక్‌ని గదిగా మారిస్తే డబ్బు ఎక్కడికి పోతుంది?

[తెర మీద: సీలింగ్‌లోంచి మడత నిచ్చెన కిందికి దిగుతుంది. చేతిలో టార్చి, టేపు.]

ఊరి నుంచి అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఇంట్లో ఒక గది తక్కువ. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి సరిగ్గా అప్పుడే పైన ఖాళీగా ఉన్న ఆటిక్, అంటే ఏటవాలు కప్పు కింద ఉండే అటక లాంటి చోటు, గుర్తొస్తుంది. "కార్పెట్ వేసి, పెయింటు కొట్టి, ఏసీ పెట్టిస్తే చాలదా? ఎంతవుతుందండీ?"

కాంట్రాక్టర్లు మామూలుగా చదరపు అడుగుకి 100 నుంచి 200 డాలర్ల దాకా చెబుతారు. అంటే 400 చదరపు అడుగులకి 40 వేల నుంచి 80 వేలు. బాత్రూమ్ కూడా కావాలంటే ఇంకా పైకే. ఇంత తేడా కార్పెట్ వల్ల రాదు. మీ ఇంటి కప్పు ఎలా కట్టారన్నదే అసలు లెక్క.

[తెర మీద: టార్చి వెలుగులో కప్పు కర్రలు.]

ముందు ఇది చూడండి. మధ్యలో డబ్ల్యూ ఆకారంలో అడ్డకర్రలు ఉన్నాయా? అవి ట్రస్సులు. 1960ల తర్వాత కట్టిన ఇళ్ళలో ఇవే ఎక్కువ. ఇందులో ఏ కర్ర కోసినా కప్పు బరువు మోసే లెక్క తప్పుతుంది. ఇంజనీర్ డిజైన్ లేకుండా వాటి జోలికి వెళ్ళకూడదు. నన్నడిగితే, ట్రస్సులు కనిపిస్తే చాలామంది అక్కడే ఆగిపోవడం మంచిది.

పాత ఇళ్ళ సంగతి వేరు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి కట్టిన, కేప్ కాడ్ అనే తరహా చిన్న ఏటవాలు కప్పు ఇళ్ళకి పై భాగం కావాలనే పూర్తి చేయకుండా వదిలేశారు. పిల్లలు పుట్టాక ఇంటివాళ్ళే గదులు వేసుకున్నారు. అలాంటి ఇల్లు మీదైతే అదృష్టమే.

తర్వాత ఎత్తు. చాలా ఊళ్ళు పాటించే రెసిడెన్షియల్ కోడ్ (ఇళ్ళు కట్టే నియమాలు) ప్రకారం గదికి కనీసం 70 చదరపు అడుగులు కావాలి, అందులో సగం చోటైనా 7 అడుగుల ఎత్తుండాలి. చాలకపోతే కప్పుని పైకి లేపి డార్మర్, అంటే ఏటవాలు కప్పులోంచి బయటికి పొడుచుకొచ్చే కిటికీ భాగం, కట్టించాలి. బిల్లు ఒక్కసారిగా పైకి దూకేది ఇక్కడే.

మీరు నిలబడ్డ నేల కూడా నిజానికి కింది గది సీలింగే. సామాన్లు పెట్టని ఆటిక్‌కి చదరపు అడుగుకి 10 పౌండ్ల బరువు లెక్కేసి కడతారు. మనుషులు ఉండే ఆటిక్‌కి 30 కావాలి. అంటే నేలని మోసే పాత అడ్డదూలాల (జాయిస్టుల) పక్కన కొత్తవి జోడించాలి.

[తెర మీద: కింది అంతస్తు ప్లాన్, అందులో ఎర్ర గీతతో మెట్లు.]

అందరూ మర్చిపోయేది మెట్లు. మడత నిచ్చెన చెల్లదు. వెడల్పు 36 అంగుళాలు, ఒక్కో మెట్టు ఎత్తు ఏడుముప్పావు అంగుళాలు మించకూడదు, అడుగు పెట్టే చోటు కనీసం 10 అంగుళాలు. కింది నేల నుంచి పై నేలకి 9 అడుగులనుకుంటే తిన్నగా వెళ్ళే మెట్లకే దాదాపు 11 అడుగుల పొడవు పోతుంది. ఆ చోటు కింది బెడ్‌రూమ్‌లోంచో హాల్లోంచో తీయాల్సిందే. ఇంకోమాట, మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారిని రోజూ ఆ మెట్లు ఎక్కిస్తారా? పెద్దవాళ్ళకి కింది గది ఇచ్చి పైది మీరు తీసుకోండి.

ఇక పడుకునే గదంటే తప్పించుకునే కిటికీ తప్పనిసరి. తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి, కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. స్మోక్ అలారాలు ఒకదానికొకటి కలిసి మోగాలి. డాలస్, హ్యూస్టన్ వైపు ఏసీ యూనిట్, గాలి వెళ్ళే గొట్టాలు (డక్టులు) చాలాసార్లు ఆటిక్‌లోనే ఉంటాయి. వాటిని జరపడం ఒక ఖర్చు, ఎండకి కాగే కప్పుకి ఇన్సులేషన్ ఇంకో ఖర్చు.

పాత ఇంట్లో గులకరాళ్ళలా, బూడిద-గోధుమ రంగులో వర్మిక్యులైట్ అనే పాత ఇన్సులేషన్ పోసి ఉంటే ముట్టుకోకండి. 1990లో మూతపడిన మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన సరుకులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండేది. ముందు నిపుణుల్ని పిలవండి.

చివరగా పర్మిట్, అంటే ఊరి అధికారుల అనుమతి. "అది లేకుండా తక్కువలో చేసేస్తా" అనేవాళ్ళు తగులుతారు. ఇల్లు అమ్మేటప్పుడు ఆ గదిని బెడ్‌రూమ్‌గా చూపించడం కష్టమవుతుంది. పైగా ఇంటి లోన్లు కొనే పెద్ద సంస్థ ఫ్యానీ మే, ఇంటి విలువ కట్టే అప్రైజల్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఆన్సీ (ANSI) అనే ప్రమాణం ప్రకారం కొలతలే అడుగుతోంది. ఎత్తు 5 అడుగులు లేని భాగం వైశాల్యంలోకి రాదు. మీరు డబ్బు పెట్టిన మూలలు కాగితం మీద కనిపించవన్నమాట.

కాబట్టి కాంట్రాక్టర్ కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. ఆ తర్వాత కొటేషన్ అడిగేటప్పుడు నేల, మెట్లు, డార్మర్, ఏసీ దేనికది విడివిడిగా రాసిమ్మనండి.