కెమెరా రెప్పల్ని చూస్తుంది, డ్యూటీ చార్ట్ ఎవరు చూస్తారు?

(హైదరాబాద్‌లో ట్రావెల్స్, క్యాబ్ డ్రైవర్ల సమావేశంలో మాట్లాడినది)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఓనర్లు కూర్చున్నారు, వెనక డ్రైవర్ అన్నలు ఉన్నారు. ఇద్దరికీ కాస్త మంట పుట్టే మాటలే చెప్తాను, ఏమనుకోకండి.

డ్రైవర్‌కి నిద్ర మగత వస్తోందా అని కనిపెట్టడానికి డ్యాష్‌బోర్డు మీద పెట్టే ఆ చిన్న కెమెరా అంటే మీలో చాలామందికి ఒళ్లు మంట. అది చేసే పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మనకు కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు మొహం మీద వేస్తుంది కాబట్టి చీకట్లోనూ రెప్పలు దానికి తెలుస్తాయి, నిమిషంలో ఎంతసేపు అవి దాదాపు మూతపడి ఉన్నాయో లెక్కేసుకుంటుంది, హద్దు దాటితే కూస్తుంది. ఆవలించినా, తల ఫోన్ వైపు వాలినా కూస్తుంది. ఎదురెండ పడ్డప్పుడు, నల్లద్దాలు పెట్టుకున్నప్పుడు ఊరికే కూడా కూస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. దానికి మనవాళ్ల మందు ఏంటంటే లెన్స్ మీద బొట్టుబిళ్ల! నవ్వకండి. సీటు బెల్టు అలారం నోరు మూయించడానికి ఉత్తుత్తి క్లిప్పులు కొన్న జనం మనం, చివరికి 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్‌లో వాటి అమ్మకమే ఆపించాల్సి వచ్చింది.

మన ఔటర్ రింగ్ రోడ్డు మీద కారుకి గంటకి 120 కిలోమీటర్ల వరకూ పర్మిషన్ ఉంది. ఆ స్పీడులో సెకనుకి 33 మీటర్లు పోతాం. మూడు సెకన్ల కునుకంటే 100 మీటర్లు బండి దానంతటదే పోయినట్టు.

2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. పదిమందిలో ఏడుగురి చావుకి కారణం అతివేగం అని ప్రభుత్వ లెక్కల్లో రాశారు. నాకో అనుమానం, అనుమానమే సుమా: కునుకు పట్టినవాడి కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది, బ్రేక్ వేసిన గుర్తు ఉండదు, తెల్లారాక వచ్చి చూసినవాళ్లకి అది వేగం కాక ఇంకేం కనిపిస్తుంది?

యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో, బస్సులో, లారీలో మగత హెచ్చరిక ఉండి తీరాలి. మన రవాణా శాఖ కూడా పెద్ద బస్సులకి, లారీలకి ఇలాంటిదే పెట్టాలని 2025లో ముసాయిదా తెచ్చింది. మంచిదే. కానీ యూరప్‌లో కెమెరా కంటే ముందు పని గంటల లెక్క వచ్చింది. బస్సు, లారీ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాల్సిందే, బండిలో ఉన్న టాకోగ్రాఫ్ అనే యంత్రం ఎంతసేపు నడిపారో, ఎంతసేపు ఆగారో అదంతా రాసుకుంటుంది, దొంగ లెక్క అంత సులువు కాదు.

మనకి లెక్క లేదా అంటే, ఉంది! 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకి 8 గంటలు, వారానికి 48, ఐదు గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి అని ఎప్పుడో రాసింది, 2025 నవంబర్‌లో దాని స్థానంలోకి కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మరి మియాపూర్‌లో రాత్రి ఎక్కి పొద్దున తిరుపతిలో దిగిన స్లీపర్ బస్సు డ్రైవర్ పగలు ఎక్కడ పడుకుంటాడు? బస్సు కింద లగేజీ డిక్కీలో, ఎండకి కాలిన రేకు పక్కన, చెమటలో. మళ్లీ సాయంత్రం రిటర్న్. ఆ రాత్రి ఒంగోలు దాటాక కెమెరా కూస్తే తప్పు ఎవరిది? క్యాబ్ అన్నల సంగతి ఇంకా అన్యాయం, ఇన్సెంటివ్ టార్గెట్ కోసం శంషాబాద్ ట్రిప్పు మీద ట్రిప్పు కొడుతుంటే ఆపేవాడే లేడు.

ఓనర్లకి ఒకటే అడుగుతున్నా. కెమెరా పంపే క్లిప్పు చూసి జీతంలో 500 కోసేయడం మానండి. కోత పెడితే బొట్టుబిళ్ల ఖాయం. ఒకే డ్రైవర్‌కి రెండు రాత్రులు వరసగా అలర్టులు వస్తే వాటి పక్కన అతని డ్యూటీ చార్ట్ పెట్టి చూడండి, మధ్యలో ఎన్ని గంటలు పడుకున్నాడో. దూరపు రూటు అయితే రెండో డ్రైవర్‌ని కాగితం మీద కాకుండా బస్సులో ఎక్కించండి, అవతలి ఊళ్లో ఒక గది అద్దెకి తీసుకోండి.

డ్రైవర్ అన్నలూ, అలారం కూసినప్పుడు కిటికీ దించి, పాట పెంచి లాగించేద్దాం అనుకోవద్దు, అది పనిచేయదు. టోల్ దాటగానే ఆపండి, టీ తాగి పావుగంట కళ్లు మూసుకోండి. బస్సు లేటైందని ప్యాసింజర్ అరిస్తే ఆఫీసు నంబర్ ఇవ్వండి, అక్కడ ఫోన్ ఎత్తే బాధ్యత ముందు వరుసలో ఉన్నవాళ్లది.